కిచే జాతి గ్రంథము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథమును గూర్చియే మాటాడుట ఉచితమని తలచి, దూరదేశపు గ్రంథ మొకదాని చరిత్రను మీకు విన్నవింతును.

మధ్య అమెరికాలో గ్వాటెమాలా యను దేశము కలదు. అందలి కొండసీమలలో పది లక్షలకు పైగా జనులు కిచే భాషను మాటాడుచున్నారు. అది మాయా భాషా కుటుంబములోనిది.

మాయా జాతులకు ప్రాచీనకాలముననే లిపి యుండెను. అందు కొన్ని గుర్తులు పూర్తి పదములను దెలుపును. కొన్ని మన గుణింతమువలె హల్లును అచ్చును కలిపి దెలుపును. అత్తిజాతి చెట్ల బెరడును సాగగొట్టి, సున్నము పూసి, మడతల పుస్తకములుగా జేసి వానిపై వ్రాసెడివారు. 1562లో యూకటాన్ సీమయందలి మానీ పట్టణమున డియేగో దె లాండా యను క్రైస్తవ మతాధికారి అట్టి పుస్తకములను తగులబెట్టించెను. నేడు లోకమున మిగిలినవి నాలుగే. ఆ లిపి చదువు విధము సయితము మరుగుపడగా, 1952లో సోవియట్ పండితుడు యూరి క్నోరొజోవ్ దాని కీలకమును కనుగొనెను.

కిచే రాజధానిని స్పెయిన్ సేనలు 1524లో కాల్చివేసెను. అయినను ఆ జాతి పెద్దలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. జయించినవారి లాటిన్ అక్షరములనే నేర్చి, 1550 తరువాత కొలది యేండ్లలో తమ పురాణమును, రాజవంశ చరిత్రను స్వభాషలో వ్రాసిరి. అదియే పోపోల్ వుహ్. దేవతలు మట్టితోను, కొయ్యతోను మనుష్యులను జేసి విఫలులై, తుదకు మొక్కజొన్న పిండితో జేసిరని అందు కలదు. పాతాళమునకు బోయి మృత్యుదేవతలను యుక్తితో గెలిచిన కవల సోదరుల కథ మిక్కిలి రమ్యము. వ్రాసినవారు తమ పేరులైనను చెప్పుకొనలేదు.

1701 ప్రాంతమున చిచికాస్తెనాంగో అను ఊర ఫ్రాన్సిస్కో హిమేనెజ్ అను సన్న్యాసి ఆ వ్రాతను చూచి, ఒకవైపు కిచే మూలమును, ఒకవైపు స్పానిష్ అనువాదమును చేర్చి నకలు తీసెను. ఆయన చూచిన ప్రతి నేడు లభ్యము గాదు. నకలు మాత్రము చికాగో నగరమున న్యూబెరీ గ్రంథాలయమున భద్రముగా నున్నది. పుస్తకములను కాల్చించినవాడు మతాచార్యుడే. పుస్తకమును నిలిపినవాడును మతాచార్యుడే!

అయితే గ్రంథము నిలిచినంతమాత్రమున భాష నిలువదు. 1960 మొదలు 1996 వరకు సాగిన అంతర్యుద్ధమున మాయా ప్రజలు వేలకొలదిగా హతులైరి. కిచే వనిత రిగోబెర్తా మెంచూ ఆ ప్రజల హక్కులకై పోరాడి 1992లో నోబెల్ శాంతి బహుమానము పొందెను. 2003లో మాయా భాషలకు చట్టపు గుర్తింపు లభించెను. ఇక ఆ భాషను బ్రదికించవలసినవారు తల్లులు, బడిపంతుళ్ళు.

సోదరులారా! ఒక్క నకలు ఒక జాతి జ్ఞాపకమును కాపాడినది. మన యిండ్ల అటకలమీద చెదలపాలగుచున్న తాటాకు పుస్తకములను, పాత వ్రాతలను ఈ గ్రంథాలయమునకు తెచ్చి, నకళ్ళు తీయింపుడు. రజతోత్సవమునకు అంతకు మించిన కానుక లేదు.