రాష్ట్రం రాసుకున్న రాజ్యాంగం

రాజ్యాంగం అనగానే మనకు మెదిలేది ఒకే గ్రంథం. అమెరికాలో 50 రాష్ట్రాలకూ ఎవరి రాజ్యాంగం వారికి ఉందంటే, అవి ఫెడరల్ రాజ్యాంగానికి కుదించిన నకళ్లు కాబోలనుకుంటాం. అది సరికాదు. పుట్టుకలోనూ, చేసే పనిలోనూ రాష్ట్ర రాజ్యాంగం వేరు. ఈ మాటనే మీ ముందు నిరూపించదలిచాను.

ఫిలడెల్ఫియాలో ఫెడరల్ రాజ్యాంగం రాసింది 1787లో. మసాచుసెట్స్ రాజ్యాంగం 1780 నుంచే అమల్లో ఉంది, నేటికీ అదే నడుస్తోంది. అది తయారైన తీరు ఇంకా ముఖ్యం. శాసనసభే రాజ్యాంగం రాస్తే రేపు తానే దాన్ని మార్చేస్తుంది, ఇక పాలకుల నుంచి ప్రజలకు రక్షణ ఎక్కడిదని 1776లోనే కాంకర్డ్ పట్టణ సభ నిలదీసింది. 1778లో శాసనసభ పంపిన ముసాయిదాను పట్టణ సభలు తిరగ్గొట్టాయి; అందులో హక్కుల ప్రకటన లేకపోవడం ఒక పెద్ద కారణం. ఆ తర్వాతే ప్రత్యేకంగా ఎన్నికైన సభ కూర్చుంది. ముసాయిదాలో సింహభాగం జాన్ ఆడమ్స్ రాశాడు, ఊరూరా చర్చించి ఆమోదించారు. రాజ్యాంగ సభ వేరు, శాసనసభ వేరు అన్న పద్ధతి ఇలా స్థిరపడింది; ఫిలడెల్ఫియా దాన్ని అందుకుంది. మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్న నిబంధన ఆ రాజ్యాంగంలో ఉంది. దాన్ని పట్టుకునే 1783లో బానిసగా ఉంచిన క్వాక్ వాకర్ కేసులో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగ్, బానిసత్వం దానితో పొసగదని జ్యూరీకి చెప్పాడు. దేశ రాజ్యాంగం బానిసత్వాన్ని నిషేధించడానికి 1865 దాకా పట్టింది.

విమర్శకులు ముందుగా ఎత్తిచూపేది నిడివిని. ఫెడరల్ రాజ్యాంగానికి 27 సవరణలే. అలబామా 1901 రాజ్యాంగానికి 900 దాటాయి. ఇది చట్టాల మూట కాక మరేమిటంటారు. జవాబు అధికార స్వభావంలోనే ఉంది. ఫెడరల్ ప్రభుత్వానికి రాజ్యాంగం ఇచ్చిన అధికారాలే ఉంటాయి. రాష్ట్ర శాసనసభ మాత్రం వద్దన్నవి తప్ప ఏదైనా చేయవచ్చు. కనుక వద్దనుకున్నవాటిని ప్రజలు ఒక్కొక్కటిగా రాసుకోక తప్పదు. 1830లలో కాలువలకు, రైలు మార్గాలకు, బ్యాంకులకు రాష్ట్రాలు విచ్చలవిడిగా అప్పులు చేశాయి. 1840ల మొదట్లో కొన్ని వాటిని తీర్చలేక చేతులెత్తేశాయి. పెద్ద అప్పుకు ఓటర్ల సమ్మతి కావాలని న్యూయార్క్ 1846లో రాసుకున్నది ఈ దెబ్బ తగిలాకే. అలబామా నిడివికి కారణం వేరు: కౌంటీలకు సొంత అధికారం ఇవ్వకుండా అంతా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ గుప్పిట్లో పెట్టుకున్నారు, అందుకే ఒక్కో కౌంటీ చిన్న పనికీ రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ కూడా అలబామా గురించే. శ్వేతజాతి ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నెలకొల్పడమే లక్ష్యమని 1901 రాజ్యాంగ సభ అధ్యక్షుడు జాన్ నాక్స్ బాహాటంగా ప్రకటించాడు. తలపన్నుతో, అక్షరాస్యత పరీక్షలతో నల్లజాతివారిని, వారితో పాటు ఎందరో పేద తెల్లవారిని ఓటర్ల జాబితా నుంచి తుడిచేశారు. రాష్ట్రాల చేతికి రాజ్యాంగం ఇస్తే జరిగేది ఇదేనని ఎవరైనా అంటే ఆ బాధలో నిజముంది. అయితే జాతిని బట్టి ఓటు నిరాకరించరాదన్న 15వ సవరణ 1870 నుంచే దేశ రాజ్యాంగంలో ఉంది. ఉండి కూడా, 1903లో అలబామా నుంచి వచ్చిన జైల్స్ కేసులో దేశ సుప్రీంకోర్టు బాధితులకు ఉపశమనం నిరాకరించింది. రెండు అంచెల్లోనూ కాపలా విఫలమైంది. నా దృష్టిలో తేలేది ఇదీ: దేశ రాజ్యాంగం ఒక కనీస మట్టాన్ని గట్టిగా నిలబెట్టాలి, ఆపైన కట్టుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉండాలి. ఉదాహరణకు, 1973లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు, ఫెడరల్ రాజ్యాంగం కింద విద్య ప్రాథమిక హక్కు కాదంది. అయినా 1989లో కెంటకీ సుప్రీంకోర్టు తన రాష్ట్ర రాజ్యాంగంలోని బడుల నిబంధనను ఆధారం చేసుకుని, మొత్తం ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థే రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మరుసటి ఏడాదే శాసనసభ ఆ వ్యవస్థను కొత్తగా నిర్మించింది.

మన దేశంలోనూ ఈ దారి కొంతకాలం తెరిచే ఉంది. సౌరాష్ట్ర, మైసూరు, తిరువాన్కూరు-కొచ్చిన్‌లలో రాజ్యాంగ సభలు ఏర్పడ్డాయి. 1949లో అవీ, హైదరాబాదూ భారత రాజ్యాంగపు ఏర్పాటునే ఒప్పుకున్నాయి. జమ్మూ కశ్మీర్ ఒక్కటే 1957 నుంచి 2019 దాకా సొంత రాజ్యాంగంతో నడిచింది. దేశ విభజన గాయాలు ఆరని రోజుల్లో ఏకరూపతను ఎంచుకోవడానికి బలమైన కారణాలున్నాయి. ఆ పెద్దల వివేకాన్ని నేను శంకించను. కానీ దానికి మనం చెల్లించిన మూల్యాన్ని కొలవాలి. అమెరికాలో నెబ్రాస్కా ఓటర్లు 1934లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి తమ రెండు సభలను ఒకటిగా చేసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో వచ్చింది, 1985లో పోయింది, 2007లో మళ్లీ వచ్చింది. శాసనసభ తీర్మానించింది, పార్లమెంటు చట్టం చేసింది. రాష్ట్ర ఓటరును నేరుగా అడిగే ఏర్పాటే లేదు. తమ పాలకులకు తామే షరతులు రాసే అవకాశం 1953లో ఆంధ్ర ప్రజలకు గానీ, 2014లో తెలంగాణ ప్రజలకు గానీ దక్కి ఉంటే ఏమి రాసుకునేవారన్నది మన చరిత్రకారులు, న్యాయశాస్త్ర పరిశోధకులు కలిసి తవ్వవలసిన ప్రశ్న. దాన్ని ఈ సదస్సు చేపట్టాలని కోరుతున్నాను.