పిల్లలకు మొదటి బండి



ఈవేళ పిల్లల బండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "బండి సంగతి మగవాళ్లు చూసుకుంటారు, మనకెందుకమ్మా?" అనకండి. ఆ బండికి డబ్బు కూడబెట్టేది మనం. రాత్రి ఎనిమిదైనా పిల్లవాడు రాకపోతే గుమ్మంలో నిలబడి మంచులోకి చూసేదీ మనమే. అందుచేత ఇది మన సంగతే.

మా అరకు కొండల్లో కాఫీ పళ్లు కోసి, ఎండబెట్టి, అమ్మితే చేతికి నాలుగు డబ్బులు వచ్చేది సంక్రాంతి అటూ ఇటూ. ఆ రోజుల్లోనే మా పొరుగామె ఒకరు మా ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, మా గుంటడు బండి కొనమని పేనం తీస్తన్నాడు. వాళ్ల మావయ్య తన పేరున తీస్తానంతన్నాడు. ఏ బండైతే మంచిది?" అని అడిగింది. కుర్రవాడికి పదహారు నిండి ఆరు నెలలయింది. ఇంటర్ మొదటి సంవత్సరం. వాడు కోరుకున్నది 150 సిసి మోటారు సైకిలు.

ఆమె కోరికలో తప్పేమీ లేదు. రోడ్డు లేక రోగిని డోలీ కట్టి మోసుకొచ్చిన ఊళ్లు మన కొండల్లో ఉన్నాయి. అలాంటిచోట బండి విలాసం కాదు, అవసరం. అయితే ఏ బండి అన్న ప్రశ్న కంటె ముందు, ఎవరు నడపవచ్చు అన్న ప్రశ్న ఉంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిది ఏళ్లు నిండనివారు రోడ్డు మీద మోటారు బండి నడపకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. పదహారు నిండినవారు 50 సిసికి మించని బండి నడపవచ్చు. దానికైనా తల్లిదండ్రుల లిఖితపూర్వకమైన అంగీకారంతో లైసెన్సు తీసుకోవాలి. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 అలాంటి బండ్లే. ఇవాళ షోరూములో 50 సిసి పెట్రోలు బండి కనబడటమే అరుదు. "చిన్న బండే కదా, పర్వాలేదు" అని చాలామంది పిల్లల చేతికిచ్చే మోపెడ్ ఉందే, ఎక్స్ఎల్ 100, దాని ఇంజను దాదాపు 100 సిసి! చూపుకు చిన్నదే గాని చట్టం దృష్టిలో అది పదహారేళ్లవాడి బండి కాదు. గేర్లు లేని స్కూటర్లూ అంతే.

మరి బ్యాటరీ బండి? మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బరువు బ్యాటరీ కాక 60 కిలోలకు మించకుండా ఉంటే అది మోటారు వాహనం కిందికే రాదు. లైసెన్సు అక్కరలేదు. చదును దారిలో ఒక్కరు కాలేజీకి పోయి రావడానికి బాగానే ఉంటుంది. ఇద్దరెక్కి కొండ ఎక్కుతామంటే మాత్రం అది ఆయాసపడుతుంది. అంతకంటె పెద్ద బ్యాటరీ స్కూటరుకు రిజిస్ట్రేషనూ కావాలి, నడిపేవారికి లైసెన్సూ కావాలి.

"మావయ్య పేరున తీస్తే?" అన్నది కదా పొరుగామె. అక్కడే అసలు ప్రమాదం. 2019లో చట్టాన్ని సవరించారు. హక్కు లేని పిల్లవాడు బండి నడిపి పట్టుబడితే శిక్ష సంరక్షకుడికి, బండి యజమానికి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే భీమా కంపెనీ వాళ్లకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్ము తిరిగి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ఇదంతా చెబితే ఆమె ముఖం వాడిపోయింది. ఒక కాఫీ పంట డబ్బు ఎక్కడ, ఆ పరిహారం ఎక్కడ!

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. "నీ కూతురికి ఎన్నేళ్లమ్మా?" అన్నాను. "పద్దెనిమిది నిండిపోయింది. డిగ్రీ సదువుతంది. పొద్దున్నే మంచులో మూడు మైళ్లు నడిసెల్తాది" అంది. చూశారా! బండి అవసరమూ, వయసూ రెండూ ఉన్న మనిషి ఇంట్లోనే ఉంది. కాని బండి అనగానే మన కళ్లకు మగపిల్లవాడే కనబడతాడు. మర్నాడు కూతురినీ వెంటబెట్టుకొచ్చింది.

ఇక బండి ఎంపిక. ఆడపిల్ల అనగానే స్కూటరే అనుకోవద్దు. రోజూ ఏ దారిన వెళుతుందో ముందు చూడాలి. తారు రోడ్డయితే గేర్లు లేని స్కూటరు సుఖం. రాళ్ల దారి, ఏటవాలు ఎక్కువైతే పెద్ద చక్రాలున్న 100 లేక 110 సిసి గేరు బండి నయం. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. బండి పడిపోతే ఒంటరిగా లేవనెత్తగలగాలి. ఈ రెండూ షోరూములోనే పరీక్షించి చూడాలి. సిగ్గుపడనక్కరలేదు. వెనుక చక్రానికి చీరా వోణీ చిక్కుకోకుండా అడ్డు తప్పక ఉండాలి, ఊడదీయించకండి.

పాతబండి అయితే, ఆర్‌సిలో ఉన్న నంబర్లు ఇంజను మీద, చాసిస్ మీద ఉన్న నంబర్లతో సరిపోవాలి. భీమా, పొల్యూషన్ కాగితం చెల్లుతూ ఉండాలి. 29, 30 నంబరు ఫారాలు పూర్తిచేసి మన పేరుకు మార్పించుకోవాలి. "కాగితాలు తర్వాత చూద్దాం" అన్నవారి దగ్గర కొనవద్దు.

హెల్మెట్టు ఐఎస్ఐ గుర్తుదే కొనండి. నడిపేవారికొకటి, వెనుక కూర్చునేవారికొకటి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది హెల్మెట్టు కాదు, టోపీ.

లైసెన్సుకు మొదట రోడ్డు గుర్తులూ నియమాల మీద చిన్న పరీక్ష. అందులో నెగ్గితే లెర్నర్ లైసెన్సు. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు దాటాక బండి నడిపి చూపించి అసలు లైసెన్సు తీసుకోవచ్చు. ఈలోగా బండికి ముందూ వెనుకా తెలుపు మీద ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి. నేర్పే లైసెన్సుదారు వెంట ఉండాలి. స్నేహితురాలిని ఎక్కించుకు తిరగకూడదు. గేర్లు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేరు బండి నడపకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఒక్క మాట నా ఇంటి నుంచి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా తమ్ముడు అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతూ, పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేశాడు. ఇంజను పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడింది. బ్రేకులు కాలిపోయి పట్టు తప్పాయి. మలుపులో కొండవైపు పడ్డాడు గనుక కాలు విరిగి బతికాడు. లోయవైపు అయితే ఈవేళ ఈ మాట చెప్పడానికి నాకు గొంతు ఉండేది కాదు. ఆ పూట మిగిలిన పెట్రోలు ఒక గ్లాసుడు ఉంటుందేమో. అందుకే, దిగేటప్పుడు ఇంజను ఆపకండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇరుకు దారిలో పైకి వచ్చే బండికి దారి ఇవ్వండి. మలుపులో హారను కొట్టండి. మంచులో లైటు వేసుకుని నెమ్మదిగా పొండి.

ఆ అమ్మాయి 100 సిసి గేరు బండినే ఎంచుకుంది. వాళ్ల మావయ్యే పక్కనుండి నేర్పాడు. పరీక్షలో నెగ్గింది. ఇప్పుడు వాళ్లమ్మను సంతకు దింపి తను కాలేజీకి పోతోంది. కుర్రవాడికి సైకిలు కొన్నారు. వాడు మొదట్లో రెండు రోజులు అన్నం మానేశాడు. తర్వాత అక్క బండిని కడగటం మొదలుపెట్టాడు. ఇప్పుడు రెండో హెల్మెట్టు పెట్టుకుని వెనుక కూర్చుంటున్నాడు, పద్దెనిమిదో పుట్టినరోజుకు ఎన్నాళ్లుందో లెక్కపెట్టుకుంటూ. లెక్కపెట్టుకోనివ్వండి. ఆ ఏడాదిన్నర ఆగితే పోయేదేమీ లేదు.

పిల్లలు అలిగితే రెండు రోజుల్లో తేరుకుంటారు. మనం మాత్రం ఆ రెండు రోజులకు భయపడి తాళం చేతికివ్వవద్దు.