దర్బారు పటంలో మన నవాబు

కార్యదర్శిగారు పది నిమిషాలే ఇచ్చారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

పాతబస్తీలో పురానీ హవేలీ మనలో చాలామంది చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా దుస్తులు దాచిన రెండంతస్తుల చెక్క బీరువాలు అక్కడే ఉన్నాయి. ఆయన పదేళ్ళ పిల్లవాడిగా ఉన్న ఒక తైలవర్ణ చిత్రం గురించి నేడు చెబుతాను. అది మన ఊళ్ళో లేదు, ఇంగ్లండు రాజకుటుంబం దగ్గర ఉంది. నేను చూసింది పుస్తకంలో అచ్చుబొమ్మే.

1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించారు. సన్మానం ఆమెకు, ఆమె మాత్రం రాలేదు! గద్దె మీద వైస్రాయి లిట్టన్ కూర్చున్నాడు. మన బాలనవాబుతో దివాను సాలార్‌జంగ్ వెళ్ళారు. ఆ వేడుకను గీసి రాణిగారికి కానుకగా ఇవ్వడానికి పిలిపించిన చిత్రకారుడు వాల్ ప్రిన్సెప్, కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు. విచిత్రమేమిటంటే, ఆ అలంకరణ చూసి ఆయనకే వెగటు పుట్టింది. ఆ మాట దినచర్యలో రాసుకుని, 1879లో అచ్చు కూడా వేయించాడు. అయినా ఒప్పుకున్న పని కదా. సంస్థానాలు తిరిగి రాజుల ముఖాలు విడివిడిగా గీసుకుని, 1880 నాటికి 20 అడుగులకు పైబడిన ఒకే పటంగా కూర్చాడు. అందులో మన నవాబు ఉన్నారు.

ఆ విందుల రోజుల్లోనే మద్రాసు రాజధానిలోని కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో ఘోరమైన కరువు. తిండిలేక జనం రాలిపోయారు. పటంలో ఆ జాడ లేదు. చిత్రకారుణ్ణి తప్పుపట్టను, ఆయనకు అప్పగించిన పని అది కాదు.

కానీ ఆ బొమ్మ చూసినప్పటినుంచి మా ఇంట్లో నా రిటైర్మెంటు ఫోటో నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మధ్యలో అధికారి, పక్కన దండతో నేను, వెనక వరుసలో గుమాస్తాలు. ఆ కుర్చీలన్నీ పై అంతస్తు నుంచి మోసుకొచ్చిన అటెండరు అందులో లేడు. "అందరూ వచ్చారా సార్?" అని ఫోటోగ్రాఫరు అడిగితే, "వచ్చారు, కానివ్వండి" అన్నది నేనే.

మొన్న మనవరాలు ఆ ఫోటో చూస్తూ, ఆఖరి కుర్చీ వెనక వేలు పెట్టి, "ఈ చెయ్యి ఎవరిది తాతయ్యా?" అంది.

కుర్చీ సర్దుతున్న అతని చెయ్యి. ముప్ఫయ్యేళ్ళు నాకు టీ తెచ్చిన చెయ్యి. దానికి పేరు చెప్పాను.