తల్లి చెట్టును కాయలున్నప్పుడే గుర్తుపెట్టుకోండి

ఉద్యానశాస్త్రంలో పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

ఇలాంటి వేదికల మీద పెద్ద పెద్ద విషయాలు మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం అంటు పుల్ల గురించి, అంటే అంటు కట్టడానికి తల్లి చెట్టు నుంచి కోసే కొమ్మ ముక్క గురించి మాట్లాడతాను. దాన్ని చెట్టు నుంచి ఎప్పుడు కోయాలో పరీక్షల్లో మీరు రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటారు. రేపు నర్సరీలోనో, రైతు తోటలోనో నిలబడినప్పుడు ఆ రెండు మూడు వాక్యాల మీదే ఒక కుటుంబం ముప్పై ఏళ్ల రాబడి ఆధారపడి ఉంటుంది.

సీతాఫలంతో మొదలుపెడతాను. పాలమూరు గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే చెట్టు అది. అక్కడి బాలానగర్ రకానికి దేశమంతా పేరుంది. డిసెంబరు నుంచి ఆకు పండి రాలిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో చెట్టు ఎండు కట్టెలా కనిపిస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ మళ్లీ చిగురేస్తుంది. ఆకు పూర్తిగా రాలిన తర్వాత, మొగ్గ కదలబోయే ముందు, అంటే దాదాపు ఫిబ్రవరిలో, అంటు పుల్ల కోయాలి. అయితే సీతాఫలంలో ఒక విశేషం ఉంది. దాని మొగ్గ ఆకు కాడ మొదలు కింద దాక్కుని ఉంటుంది. ఆకు ఊడితే తప్ప బయటపడదు. పుల్లను కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి. కాడ రాలిన చోట గుండ్రటి మచ్చ, దాని నడుమ సన్నటి నూగుతో చిన్న బొడిపె కనిపిస్తాయి. ఆ బొడిపె గట్టిగా ముడుచుకుని ఉంటే కత్తి తీయవచ్చు. పచ్చ రంగు తొంగి చూసిందంటే ఆలస్యమైనట్టే.

పచ్చ కనిపిస్తే ఆలస్యమని ఎందుకు అంటున్నాను? కోసిన పుల్లకు వేర్లు లేవు. కింది మొక్కతో అతుక్కోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండు కోతల దగ్గరా ముందు మెత్తటి క్యాలస్ కణజాలం పుట్టాలి, ఆ తర్వాత కేంబియం పొరలు కలవాలి, అప్పుడుగానీ నీళ్లు పైకి ఎక్కవు. అన్నాళ్లూ పుల్ల తన సద్దిమూట మీదే బతకాలి. ఆ మూటలో ఉండేది పోయిన సీజన్‌లో ఆకులు వండి కొమ్మలో దాచిన పిండిపదార్థం. మొగ్గ ముందే విచ్చుకుంటే అదంతా చిగురుకు ఖర్చయిపోతుంది. చిగురు నీళ్లడుగుతుంది, ఇచ్చే దారి ఇంకా తెరుచుకోలేదు, పుల్ల వడలిపోతుంది. నవంబరులో ఆకు పచ్చగా ఉండగానే తొందరపడి కోస్తే ఇంకో ఇబ్బంది. మూట ఇంకా నిండలేదు, కొమ్మ ముదరలేదు. అందుకే పైన పుల్ల నిద్రలో ఉండాలి, కింద వేరు మొక్క మేలుకుని ఉండాలి. అంటు కట్టే పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే.

హిమాచల్‌లో యాపిల్ తోటలవాళ్లకు ఈ తేడా చలి వల్ల దానంతటదే దొరుకుతుంది. నడి శీతాకాలంలో, డిసెంబరు, జనవరి కత్తిరింపుల నాటికి చెట్టు గాఢనిద్రలో ఉంటుంది. అప్పుడే నిరుటి ఎదుగుదలలో పెన్సిల్ మందం ఉన్న కొమ్మలు కోసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డలోనో నాచులోనో చుట్టి, పాలిథీన్‌లో పెట్టి, సున్నా నుంచి నాలుగు డిగ్రీల చల్లదనంలో దాస్తారు. మార్చిలో వేరు మొక్కలో రసం కదిలాక తీసి అంటు కడతారు. రెండు నెలలైనా పుల్ల చెక్కుచెదరదు. ఒక్క జాగ్రత్త ఉంది. ఆ పుల్లల్ని పండ్లున్న ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మాగే పండు విడిచే ఇథిలీన్ వాయువు మొగ్గను చంపేస్తుంది. తన చెట్టు కాసిన పండే తన పుల్లకు శత్రువవుతుంది.

మనకు ఆ చలి లేదు. మామిడి ఏ కాలంలోనూ ఆకు మొత్తం రాల్చదు. కాబట్టి మన పెద్దలు చెట్టు చెప్పని మాటను చేత్తో చెప్పించారు. కోయబోయే వారం పది రోజుల ముందు, మూడు నాలుగు నెలల వయసున్న, పూత పూయని చివరి కొమ్మను ఎంచుకుని ఆకుల రెక్కలు కత్తిరిస్తారు, కాడలు మాత్రం ఉంచుతారు. ఆ కొమ్మ తన సారాన్ని కొస మొగ్గలోకి చేరుస్తుంది, మొగ్గ బలుస్తుంది. కాడల మీద వేలు ఆనించగానే టపటపా రాలిపోతే పుల్ల సిద్ధమైనట్టు. క్యాలెండరు చూడనక్కర్లేదు, ఆ వేలు చాలు. నూజివీడులోనైనా కడియంలోనైనా చేయి తిరిగిన అంటుకట్టేవాళ్లు ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. మామిడి పుల్ల యాపిల్ పుల్లలా నెలల తరబడి ఆగదు. తడి ఆరకుండా చుట్టినా మూడు నాలుగు రోజుల్లో కట్టేయడం మంచిది. తెల్లవారుజామున కోయండి, ఎండెక్కాక వద్దు.

రేగు సంగతి మరీ విచిత్రం. అందరూ చలికి పడుకుంటే అది ఏప్రిల్, మే ఎండలకు ఆకు రాల్చి పడుకుంటుంది. అప్పుడు చెట్టును గట్టిగా కత్తిరించి, తొలకరికి వచ్చిన కొత్త కొమ్మల నుంచి కన్ను తీసి మొగ్గ అంటు కడతారు. ఏ చెట్టు ఎప్పుడు నిద్రపోతుందో పుస్తకం కన్నా తోట బాగా చెబుతుంది.

ఇక అసలు మాట. అంటు పుల్ల కోసే పని ఫిబ్రవరిలో మొదలవుతుందని అనుకుంటాం. నా దృష్టిలో అది కాయలున్న రోజుల్లోనే మొదలవ్వాలి. ఆకు రాల్చిన సీతాఫలం తోటలోకి వెళ్లి చూడండి, అన్ని చెట్లూ ఒకటే. ఏది పెద్ద కన్నుల కాయ కాసింది, ఏది గింజలతో నిండింది, ఏది పిండినల్లికి లొంగిపోయింది, ఏది రెండేళ్లుగా మొండిగా కాపు లేకుండా ఉంది, ఆ మోడుల్లో ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో కాయ చేతిలో పట్టుకుని, విప్పి, తిని, గింజలు లెక్కపెట్టి, ఆ చెట్టు మొదలుకు పెయింటు పట్టీ వేయాలి. మరుసటి ఏడాది కూడా వెళ్లి చూడాలి. మామిడికైతే మే నెలలో చూడాలి.

ప్రపంచంలో ఉన్న డెలీషియస్ యాపిల్ చెట్లన్నీ అమెరికాలోని అయోవాలో ఒక రైతు తోటలో తనంతట తాను మొలిచిన ఒకే ఒక్క చెట్టు నుంచి అంటు పుల్లలుగా వచ్చినవే. 1916లో అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన సత్యానంద్ స్టోక్స్ సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో నాటినవీ ఆ వంశమే. తల్లి చెట్టులోని మంచి అంత దూరం ప్రయాణిస్తుంది. చెడు కూడా అలాగే ప్రయాణిస్తుంది. పొరపాటు చెట్టు నుంచి తెచ్చిన పుల్లతో మామిడి అంటు కట్టి అమ్మితే రైతుకు ఆ సంగతి తెలిసేది నాలుగైదేళ్ల తర్వాత, మొదటి కాపు కంటపడినప్పుడు. అప్పటికి అతను గోతులు తీశాడు, డ్రిప్పు వేశాడు, కంచె కట్టాడు, బిడ్డ పెళ్లికి ఆ తోట మీద ఆశ పెట్టుకున్నాడు. మోసపోయిన రైతుకు ఆ ఏళ్లను ఏ పరిహారమూ తిరిగి ఇవ్వలేదు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

అందుకే మీలో నర్సరీ పెట్టబోయేవాళ్లను రెండు కోరికలు కోరుతున్నాను. పుల్లల కట్ట మీద రకం పేరు, తల్లి చెట్టు గుర్తు, కోసిన తేదీ రాయని రోజు అంటు కట్టకండి. రెండోది, వారానికే చిగురు వచ్చిందని మొక్కను అమ్మేయకండి. ఆ మొదటి చిగురు సద్దిమూట తిని వచ్చింది కావచ్చు. రెండో విడత ఆకులు వచ్చి, ముదిరి, కిందా పైనా కలిశాయని తేలాకే రైతు చేతికివ్వండి.

ఉద్యోగాల్లోకి వెళ్లేవాళ్లకు ఇంకో పని ఉంది. మన ఊళ్లలో చెరుకు రసం, కొత్తపల్లి కొబ్బరి లాంటి మామిడి రకాలు, పేరు కూడా లేని నాటు మామిళ్లు ముసలి చెట్లుగా మిగిలాయి. వాటికి అంటుకు పనికొచ్చే కొత్త కొమ్మలు దాదాపు రావు. వచ్చినా సన్నగా, పీలగా ఉంటాయి. అలాంటి చెట్టును కాపాడాలంటే ఏడాది ముందే తయారవ్వాలి. ఈసారి కోతలు అయిపోగానే అలాంటి చెట్టొకటి వెతికి, యజమానిని ఒప్పించి, చెయ్యంత లావు కొమ్మ ఒక్కటి నరికించండి. కోత మీద బోర్డో పేస్టు పూయండి. ఆ మోడు మీద వానలకు గుబురుగా చిగుళ్లొస్తాయి. వాటిలో నాలుగైదు బలమైనవి ఉంచి మిగతావి గిల్లేయమని, మేకలు తినకుండా చూడమని ఆ ఇంటివాళ్లకు చెప్పి రండి. వచ్చే ఏడాది ఆకులు కత్తిరించడానికి ఏ తారీఖున వస్తారో కూడా చెప్పండి, చెప్పిన తారీఖుకు వెళ్లండి.