అతిథిపూజకు ముందు సత్యము



నేటి ప్రసంగమునకు విషయము అతిథిసేవ. పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు గల మన ప్రాంతమున వసతి పాఠశాలలు పెక్కు వెలసినవి. విదేశముల విద్యార్థులు వచ్చి ఇట్టి పాఠశాలలలో కొన్ని వారములు వసించుట, పిమ్మట మన పిల్లలు వారి దేశమునకు పోయి అట్లే వసించుట అను పద్ధతి మన దేశమున కలదు. జర్మనీ దేశపు పిల్లలు వచ్చినచో వారిని ఎచ్చట ఉంచవలెను, ఏమి పెట్టవలెను, ఏమి చూపవలెను, ఏమి చెప్పవలెను అని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును అడుగుదురు. మొదటి మూడు ప్రశ్నలకు సమాధానము సులభము. నాలుగవదియే కష్టము. దానిని గురించియే ముఖ్యముగ విన్నవించెదను.

అతిథిని దైవముగ భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి బోధించుచున్నది. ఈ మాట అందరికిని తెలిసినదే. కాని ఆ అనువాకమును మొదటినుండి చదివినవారు ఒక క్రమమును గమనింతురు. అధ్యయనము ముగించి ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశమది. అందు మొట్టమొదటి ఆజ్ఞ సత్యము పలుకుమని. రెండవది ధర్మము నాచరింపుమని. తల్లి, తండ్రి, గురువు, అతిథి అను నలువురి పూజ ఆ తరువాత వచ్చును. ఆ వెంటనే ఆచార్యుడు మరియొక మాట చెప్పెను. మాయందు గల మంచి నడవడిని మాత్రమే నీవు అనుసరింపుము, తక్కినవానిని అనుసరింపకుము అని. గురువే తనయందు అనుసరింపరాని నడవడి ఉండవచ్చునని శిష్యుని ఎదుట అంగీకరించుచున్నాడు. సత్యమును విడిచి చేసిన అతిథిపూజ పూజ కాదని ఈ క్రమము వలన తెలియుచున్నది.

వసతి, భోజనముల విషయమున మనకు క్రొత్తగ నేర్పవలసినది లేదు. నివాసము కోరి వచ్చిన ఎవ్వరిని కాదనరాదని, అందులకై అన్నమును విస్తారముగ సంపాదింపవలెనని భృగువల్లి వ్రతముగ విధించినది. పూర్వము మన యిండ్లలో వారములు చేసికొని చదివిన పిల్లలెందరు! సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట భోజనము చేసి వేదము, శాస్త్రము నేర్చినవారు. ఆ తల్లులు వారాల అబ్బాయికి తమ పిల్లలతో సమముగ విస్తరి వేసినందుననే విద్య నిలిచినది. జర్మనీ బాలుడును అట్టి వారాల అబ్బాయియే. కారము తగ్గించి వడ్డింపుడు. చేతితో తినుట రానిచో చెంచా ఇండు. మీ దేశమున మీరేమి తిందురని పంక్తిలో నిలదీయకుడు. గుడికి వత్తునన్నచో మన ఆచారము చెప్పి తీసికొనిపొండు. రానన్నచో బలవంతపెట్టకుడు. బొట్టు పెట్టించుకొనినంత మాత్రమున మన మతము గెలిచినట్లు కాదు.

ఇక నాలుగవ ప్రశ్న. కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడు, విద్యార్థి, అతిథి. యముడు లేని సమయమున ఆ యింటికి వచ్చి మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. యముడు వచ్చి, నమస్కరించి, మూడు వరములిచ్చెను. మూడవ వరముగ బాలుడు మరణరహస్యమునే అడిగెను. ఏనుగులు, గుఱ్ఱములు, బంగారము, దీర్ఘాయువు ఇత్తును, ఈ ప్రశ్న మాత్రము మానుమని యముడు బ్రతిమాలెను. బాలుడు మానలేదు. కడకు యముడు సమాధానము చెప్పవలసివచ్చెను. మనమును అతిథులకు దండలు, దుశ్శాలువలు, నృత్యప్రదర్శనలు చూపి పంపుదుము. బాలుడు వానిని సంతోషముగ స్వీకరించి, ఆ పిమ్మట ప్రశ్నించును. అప్పుడు గృహస్థుని పరీక్ష మొదలగును.

మొదటి ప్రశ్న గుమ్మముకడనే పుట్టును. మన ద్వారబంధముల మీద, పూజాపీఠముల మీద, దుకాణపు ఖాతాపుస్తకముల మీద స్వస్తికము వ్రాయుదుము. దానిని చూచి జర్మనీ పిల్లలు కలవరపడుదురు. నాజీ పక్షము 1920లో ఆ గుర్తును తన పతాకముగ గ్రహించినది. 1933 నుండి 1945 వరకు సాగిన ఆ ప్రభుత్వము దాదాపు 60 లక్షల యూదులను వధించినది. ఆ పక్షపు చిహ్నమును బహిరంగముగ ప్రదర్శించుట నేడు జర్మనీలో నేరము. కావున వారి కలవరమును చూచి నవ్వకుడు, కోపగింపకుడు. స్వస్తి అనగా శుభమని, ఈ చిహ్నము వేల సంవత్సరములుగ హిందువులకును, బౌద్ధులకును, జైనులకును మంగళప్రదమని నెమ్మదిగ చెప్పుడు. ఆర్యశబ్దము మన శాస్త్రములందు సద్వర్తనమును తెలుపునని కూడ చెప్పుడు. అది భాషలకు చెందిన మాటయే గాని రక్తమునకు చెందినది కాదని మాక్స్ ముల్లర్ పండితుడే 1888లో వ్రాసెను. ఆ హెచ్చరికను వినక జాతిగర్వము చేసిన ఘోరమును లోకమెరుగును.

విద్యార్థులను ఇట్లు దేశాంతరములకు పంపు పద్ధతికి సైతము ఆ ఘోరముతో సంబంధము కలదు. 1920లో జర్మనీలోని సాలెం అనుచోట వసతి పాఠశాల నెలకొల్పిన వారిలో కుర్ట్ హాన్ ఒకడు. ఆయన యూదు కుటుంబమున జన్మించినవాడు. హిట్లరును ఎదిరించి మాటలాడినందున 1933లో నిర్బంధింపబడి, దేశము విడిచి బ్రిటనుకు పోయెను. మరుసటి సంవత్సరమే స్కాట్లండులో గార్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించెను. ఆయన భావములను ఆదర్శముగ గొని 1966లో రౌండ్ స్క్వేర్ అను పాఠశాలల సంఘము ఏర్పడినది. అందు మన దేశపు వసతి పాఠశాలలును చేరి, పిల్లలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. ఒక దేశపు బాలుడు మరియొక దేశపు బాలునితో ఒకే గదిలో నిద్రించి, ఒకే పంక్తిలో భుజించినచో ద్వేషము పెరుగదను విశ్వాసమే దీనికి మూలము.

రెండవది ప్రశ్న కాదు, మనవారే చెప్పు గొప్ప. వేదములను జర్మనులు ఎత్తుకొనిపోయి విమానములును, ఆయుధములును చేసికొనిరని కొందరు వేదికల మీద పలుకుదురు. అతిథి ఎదుట ఈ మాట పలుకవలదు. దీనికి ప్రమాణము లేదు. వేదము కంఠస్థమైన విద్య. గురుముఖమున విని, పద, క్రమ, జట, ఘన పాఠములతో నిలుపుకొన్న దానిని ఎవరు ఎత్తుకొనిపోగలరు? జరిగినది వేరు, అది మరింత గౌరవప్రదము. పదునాలుగవ శతాబ్దిలో విజయనగర ప్రభువు బుక్కరాయల ఆదరణమున సాయణాచార్యులు వేదభాష్యము రచించిరి. ఆ భాష్యముతో కూడిన ఋగ్వేదమును మాక్స్ ముల్లర్ 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటములుగ అచ్చువేయించెను. ఆయన భారతదేశమును ఎన్నడును చూడలేదు. కీల్ నగరపు ఆచార్యుడు పాల్ డాయిసన్ మాత్రము 1892లో మన దేశమునకు అతిథిగ వచ్చి, పండితులతో సంస్కృతమున సంభాషించి, 1897లో అరువది ఉపనిషత్తులను జర్మను భాషలో ప్రకటించెను.

మన తెలుగునకును ఇందు పాలు కలదు. బెంజమిన్ షుల్జ్ అను జర్మను క్రైస్తవ ప్రచారకుడు మద్రాసులో తెలుగు నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను. ఆయన తెలుగు పుస్తకములు 1740 దశకమున జర్మనీలోని హాలె నగరమున అచ్చయినవి. ఆయన ఉద్దేశము మతప్రచారము. దానితో మనకు ఏకీభావము లేకపోవచ్చును. అయినను మన అక్షరములను దిద్దిన శ్రమను కాదనలేము. వీరందరు దొంగలు కారు, శ్రమించిన విద్యార్థులు. పిల్లలకు ఈ కథ చెప్పుడు.

మూడవ ప్రశ్న కులమును గురించినది. తప్పక అడుగుదురు. ఇతర దేశములలో భేదములు లేవా అని ఎదురు ప్రశ్న వేసి తప్పించుకొనుట యముడు ఏనుగులను చూపుట వంటిది. ఊరి బావి, గుడి వాకిలి కొందరికి నిరాకరింపబడిన మాట సత్యము. అంటరానితనమును మన రాజ్యాంగపు 17వ అధికరణము నిషేధించినది. 1950 నుండి అది నేరమైనను, మనస్సులనుండి ఇంకను పూర్తిగ తొలగలేదు. సర్వభూతములయందు ఆత్మను చూడుమన్న ఉపనిషత్తును వల్లించు మనము దానిని ఆచరణమున తప్పితిమని చెప్పుటకు జంకరాదు.

నాలుగవ ప్రశ్న మన ఊరిదే. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ సంస్థ వెలసి, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పైరులపై పరిశోధన సాగించుచున్నది. దేశదేశముల శాస్త్రజ్ఞులు అచ్చట మనకు అతిథులైరి. దానిని గర్వముగ చూపుడు. కాని అదే మండలమున నక్కవాగు కలదు. ఔషధ, రసాయన కర్మాగారముల మురికినీరు ఏండ్ల తరబడి అందు పారి, మంజీరలో కలిసినది. రైతుల పొలములు, బావులు చెడినవి. 1990లో ఈ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు ఉన్నట్లు స్వీడను పరిశోధకులు 2007లో ప్రకటించిరి. నదీస్నానమునకు ముందు సంకల్పమున గంగాది నదులను ఆవాహన చేయు మనము, ఇంటి ప్రక్క వాగునకు చేసినది ఇది. అతిథులను వేరొక త్రోవను త్రిప్పుకొనిపోయి దీనిని దాచవచ్చును. కాని మన పిల్లలు వెంటనే ఉందురు. తండ్రి దాచిన దానిని కొడుకు గుర్తించును. మన పిల్లలను అతిథులతో కలిపి ఆ వాగు గట్టుకు తీసికొనిపొండు. ఇచ్చటి మందులు ఐరోపా రోగులకును చేరుచున్నవి గావున, ఈ బాధ్యత కొంత అతిథులదియు అగును. ఇరువురు కలిసి యోచింతురు గాక.

జర్మనీ బడులలో పిల్లలకు తమ తాతల కాలపు పాపము పాఠ్యాంశము. నాటి నిర్బంధ శిబిరములను గురువులే దగ్గరుండి చూపుదురు. మన పిల్లలు రేపు అచ్చటికి పోయినప్పుడు దానిని చూతురు. పాపమును దాచని దేశమును చూచి, మన యింట ఏమి దాచిరని తలంచుకొందురు. ఆనాడు వారు తల వంచుకొనకుండుటకు నేడే మనము నోరు విప్పవలెను.

కావున అతిథికి కడుపునిండ అన్నము పెట్టుడు. తెలిసినది చెప్పుడు. తెలియనిచో తెలియదనుడు, పెద్దలను అడిగి మరునాడు చెప్పుడు. గొప్పను పెంచి చెప్పకుడు, లోపమును తగ్గించి చెప్పకుడు. అప్పుడే సత్యమను మొదటి ఆజ్ఞయు, అతిథిపూజ అను తరువాతి ఆజ్ఞయు రెండును నెరవేరును.

స్వస్తి.