పెద్దల మాటకు ఏ మైకు కొందాం?

(అరకులోయలో కార్యకర్తల కూటంలో చెప్పిన మాటల పాఠం)



మైకు కొనడానికి చందా వేసుకున్నాం. ఏది కొనాలన్నదే ఇప్పుడు తగువు. కుర్రోళ్ళు స్టూడియో మైకు అంటున్నారు, పెద్దోళ్ళు ఫోను చాలదా అంటున్నారు. ముందు మన పని ఏటో చూద్దాం.

మనం మొదట రికార్డు చెయ్యాల్సింది పెద్దల వాంగ్మూలం. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో నియమాలు వచ్చాయి. హక్కు అడిగే మనిషి కాక వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది సాక్ష్యమని 13వ నియమంలో ఉంది. రాత కావాలి, అది గుర్తుంచుకోండి. కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో అవ్వ చెప్పిందాన్ని మనం వింటూ రాయాలి. పోడు ఏ గెడ్డ దాకా, హద్దు ఏ చెట్టు కాడ అన్నది ఒక్క అక్షరం పోకుండా వినపడాలి. పేరు తప్పు పడితే కాగితం మీద ఆ భూమే మారిపోద్ది.

ఫోను మైకు చెడ్డది కాదు గానీ దూరంగా పెడితే నాలుగు దిక్కులా వింటాది. రేకుల ఇంటి మీద వాన పడిందా, వానే మాట్లాడుతుంది.

స్టూడియో వాళ్ళ కండెన్సరు మైకు చిన్న చప్పుడు కూడా వదలదు. ఆ గొప్పే మనకు చేటు. పొయ్యి చిటపట, కోడి కూత, పక్కింటి పిల్ల ఏడుపు అన్నీ అందులోకే. దానికి 48 వోల్టులిచ్చే పెట్టె వేరే కొనాలి. చలికాలం మన లోయ మంచుకి, తేమకి అది బరబరమంటుంది. తలుపేస్తే చప్పుడు ఆగే గది ఉన్నోళ్ళకి అది మంచిదే.

పందిట్లో చేత పట్టే డైనమిక్ మైకు మొరటుది. లోపల అయస్కాంతం, తీగచుట్ట. బ్యాటరీ అడగదు. ఎదుటి నోటినే ఎక్కువ వింటుంది. ధింసాలో తుడుము, డప్పు, మోరి మోగుతుంటే అదే తట్టుకుంటుంది. అయితే ఫోనుకి నేరుగా తగిలిస్తే మాట పీలగా వస్తుంది, నడుమ పెట్టె కావాలి. ఇంకో చిక్కు కూడా చూశాం. మూతి ముందు మైకు పెడితే మన పెద్దలు "సభకు నమస్కారం" అని మొదలెడతారు, అసలు మాట రాదు!

అందుకే వాంగ్మూలానికి చొక్కాకి తగిలించే కాలరు మైకు కొందామంటున్నాం. వైరుది వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఇందులో ఎక్కువగా ఉండేది ఎలక్ట్రెట్ పద్ధతి. దాన్ని 1962లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు నల్లజాతి శాస్త్రవేత్త జేమ్స్ వెస్ట్, రెండో ఆయన గెర్హార్డ్ సెస్లర్. నల్లోళ్ళకి బడి వేరు, కూర్చునే చోటు వేరు అన్న వర్జీనియాలో 1931లో పుట్టాడు వెస్ట్. ఈ సంగతి మన పిల్లలకు బడిలో చెబుతున్నాం.

వైరు లేనిది వద్దు. కరెంటు పోయే ఊళ్ళో దానికి ఛార్జింగు ఎక్కడ? కొనేటప్పుడు పిన్ను మీద మూడు నల్ల గీతలున్నాయేమో చూడండి, రెండే ఉంటే ఫోనుకి సరిపడదు. గుండ్రటి కంత లేని ఫోనయితే టైప్-సి ముక్క కూడా కొనాలి. మైకు గడ్డం కింద జానెడు దూరంలో ఉండాలి. పూసలదండలు దానికి తగిలితే గలగల తప్ప మాట వినపడదు, పక్కకు తగిలించండి. గాలికి స్పాంజి టోపీ తియ్యకండి.

ఇదివరకు చాలామంది మన పాటలు, మాటలు రికార్డు చేసుకుపోయారు. ఆ టేపులు మన ఊళ్ళకు తిరిగి రాలేదు. అందుకని ఒప్పుకున్నాకే మొదలెట్టండి. పేరు, ఊరు, తేదీ వాళ్ళ నోటే చెప్పించండి. అయ్యాక వాళ్ళకే వినిపించండి. రెండు మెమరీ కార్డుల్లో పెట్టి ఒకటి ఆ ఊళ్ళోనే ఉంచండి. మండలానికో కాలరు మైకు తీసుకుందాం. చందా మిగిలితే ధింసా కోసం ఒక డైనమిక్ మైకు, దాని పెట్టె. లెక్క వచ్చే కూటంలో చెబుతాం.