తాగునీటిలో మందుల అవశేషాలు – ఉత్తేజిత బొగ్గు



జ్వరానికో నొప్పికో మింగిన మాత్ర శరీరంలో పూర్తిగా ఖర్చు కాదు. మిగిలిన భాగం మూత్రంతో కలిసి మురుగుకాలువకు, అక్కడి నుండి నదికో చెరువుకో చేరుతుంది. గడువు తీరిన మందులను తూములో పారబోసినా అదే దారి. ఎగువ ఊరి మురుగు కలిసిన నీరే దిగువ ఊరికి తాగునీరైన చోట, ఆ అవశేషాలు కుళాయి వరకు రాగలవు.

సాధారణంగా తాగునీటిలో వీటి పరిమాణం అత్యల్పం. దాని వలన తాగేవారికి తక్షణ హాని కలిగే అవకాశం చాలా తక్కువ. మందుల కర్మాగారాల దిగువన స్థితి వేరు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన పారిశ్రామిక జలంలోనే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఆ మందు వాడే రోగి రక్తంలోని మోతాదు కన్న అది అధికం. అటువంటి నీటిలో పెరిగిన సూక్ష్మజీవులు మందులకు లొంగకపోవడమే అసలు ప్రమాదం.

ఇసుక వడపోత గాని, పటిక గాని, నీటిని మరగించడం గాని ఈ అవశేషాలను చాలావరకు తొలగించలేవు. ఈ పనికి తోడ్పడేది ఉత్తేజిత బొగ్గు. కొబ్బరి చిప్పలను, కట్టెను లేదా నేలబొగ్గును గాలి సోకకుండా కాల్చి, అధిక ఉష్ణోగ్రత వద్ద ఆవిరి పట్టించగా దానిలో కంటికి కనబడని రంధ్రాలు అసంఖ్యాకంగా ఏర్పడతాయి. వాటి గోడలన్నీ పరిస్తే, ఒక్క గ్రాము బొగ్గుకే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అనగా సుమారు పావు ఎకరం, ఉపరితలం లభిస్తుంది. మందు అణువులు ఆ గోడలకు అంటుకొని నిలిచిపోతాయి.

అయితే అన్ని మందులూ ఒకే తీరున అంటుకోవు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ తేలికగా పట్టుబడుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ నీటినే అంటిపెట్టుకొని చాలావరకు జారిపోతుంది. నీటిలోని ఆకుల కుళ్లు కూడా రంధ్రాలలో చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు నిండిన పిమ్మట బొగ్గు పనిచేయదు. అప్పుడు కొత్త బొగ్గు వేయాలి, లేదా పాతదానిని కొలిమిలో తిరిగి ఉత్తేజపరచాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. పనితనం ముగిసిన బొగ్గు గుండా వచ్చిన నీరు కూడా తేటగానే కనబడుతుంది. కాబట్టి శుద్ధి కేంద్రంలో బొగ్గు ఉన్నదా అన్న ప్రశ్న చాలదు. దానిని ఎప్పుడు మార్చారు, నీటిని ఎప్పుడు పరీక్షించారు అని పౌరులు అడగాలి. ఇంటి ఫిల్టరుకూ ఇదే నియమం.

అంతకన్న మేలు, మందు నదిని చేరకముందే ఆపడం. స్విట్జర్లాండు 2016 నుండి అమలవుతున్న చట్టం ద్వారా ఎంపిక చేసిన మురుగుశుద్ధి కేంద్రాలలో ఓజోన్ లేదా ఉత్తేజిత బొగ్గు ఏర్పాటును తప్పనిసరి చేసింది. అంతటి ఏర్పాటు ప్రభుత్వాల బాధ్యత. మిగిలిన మాత్రను తూములో వేయకపోవడం, వైద్యుని సలహా లేక యాంటీబయోటిక్ కొనకపోవడం ప్రతి ఇంటి బాధ్యత.